ఏగిస గ్లాసు: చీటీ మీద నుంచి మేం తీసేసిన మాట

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చెక్కపని సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో ఒక్కో సంఘం లేచి, ఎంత పొదుపు చేశాం, ఎంత లోన్ తీసుకున్నాం, ఎంత కట్టాం అని చెప్తుంది. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకం వెనక పట్టికల్లో ఉన్నాయి, మీరు చూసుకోవచ్చు. ఈసారి మమ్మల్ని చెక్క గ్లాసు గురించి చెప్పమన్నారు. గ్లాసు ఎలా చెక్కుతామో చెప్తాం. దాంతో పాటు మేం చేసిన ఒక తప్పు కూడా చెప్తాం. ఒకటి చెప్పి రెండోది దాచుకుంటే మీకు సగం చెప్పినట్టే అవుతుంది.

ఏగిస అంటే

మన కొండల్లో పెరిగినవాళ్లకు ఏగిస చెట్టును పరిచయం చెయ్యక్కర్లేదు. కొన్ని చోట్ల వేగిస అంటారు, పెద్దేగి అని కూడా అంటారు. పసుపు పూలు పూస్తుంది. కాయ రూపాయి బిళ్లలా గుండ్రంగా, చుట్టూ రెక్కతో ఉంటుంది. బెరడు మీద గాటు పడితే ఎర్రటి బంక నెత్తురులా కారుతుంది. ఎర్రచందనం, ఇదీ ఒకే కుటుంబం, అక్కచెల్లెళ్లు అనుకోండి. ఇంటి తలుపులకు, గుమ్మాలకు, బండికి, నాగలికి ఈ కర్ర వాడతారు. ఆయుర్వేదంలో దీన్నే అసన అనీ, బీజక అనీ అన్నారు. హిందీ వాళ్లు విజయసార్ అంటారు.

మన పెద్దల కాలంలో పొలానికి అంబలి తీసుకెళ్లడానికి ఆనపబుర్ర ఉండేది. అడవిలో నీళ్లు తాగాలంటే అడ్డాకు దొప్ప. ఏగిస గ్లాసు అలా రోజూ వాడేది కాదు. రాత్రి అందులో నీళ్లు పోసి పొద్దున తాగమని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. పొద్దునకి ఆ నీళ్లు తేనె రంగుకు తిరుగుతాయి. వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే అంచున నీలంగా మెరుస్తాయి. మొదటిసారి చూసిన ఎవరైనా ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యంలోనే మా వ్యాపారమూ ఉంది, మా తప్పూ ఉంది.

కర్ర ఎక్కడిది?

ముందుగా అందరూ అడిగే ప్రశ్న ఇదే. అడవిలో నిలబడి ఉన్న ఏగిస మీద మేం గొడ్డలి వెయ్యం. 2006 అటవీ హక్కుల చట్టం చింతపండు, తేనె, అడ్డాకు, వెదురు లాంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. కలప అందులో రాదు. పైగా ఏగిస చెట్లు ఇప్పటికే తగ్గిపోతున్నాయి. గుమ్మాలు చేసే కర్ర డిపోలో మిగిలిపోయే పొట్టి మొద్దులు, చివరి ముక్కలు బిల్లు మీద కొంటాం. ఆ బిల్లు, రవాణా అనుమతి కాగితం రెండూ సంఘం బీరువాలో ఉంటాయి. ఎవరైనా వచ్చి "చవగ్గా ఎర్ర కర్ర ఇస్తాం" అంటే ఆ మాట గుమ్మం దాటి లోపలికి రానివ్వం. ఎర్రచందనం కేసు అంటే ఏమిటో మీకు తెలుసు.

చెక్కే తీరు

మాకు పని నేర్పింది మా సభ్యురాలి మామగారు. నాగళ్లు, రోకళ్లు, తెడ్లు చేసి చేసి చేతులు కాయలు కాచిన మనిషి. మొదట "ఆడోళ్లు బాడిస పట్టడమేంటమ్మా" అన్నారు. నెల తిరిగాక, మేం సాన పట్టిన ఉలిని బొటనవేలితో తడిమి చూసి, ఇంకేం అనలేదు. మర్నాటి నుంచి తన ఉలే మా చేతికి ఇచ్చి సాన పట్టమన్నారు.

బయట దొరికే గ్లాసులు ఎక్కువగా మరలో తిప్పి చేస్తారు. మా ఊళ్లో కరెంటు ఉంటుంది, పోతుంది. అందుకే మేం చేత్తోనే చెక్కుతాం. దారి ఇలా ఉంటుంది.

మొద్దు అడ్డకోత చూస్తే అంచున తెల్లటి చెక్క, లోపల బంగారు గోధుమ రంగు చేవ కనబడతాయి. తెల్ల చెక్కకు పురుగు పడుతుంది, తీసెయ్యాలి. నట్టనడుమ వేలంత మెత్తటి భాగం ఉంటుంది. అది గ్లాసులో ఉండిపోతే ఎండేటప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. అందుకని మొద్దును నిలువునా నాలుగు చేసి, ఆ నడిమి భాగం, తెల్ల చెక్క రెండూ పోగా మిగిలిన చేవలోంచి ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు దిమ్మె తీస్తాం. తడి తగిలితే ఈ కర్ర పసుపు రంగు దిగుతుంది. వానాకాలంలో మా చేతులు చూసి, పెళ్లికి పసుపు కొట్టి వచ్చారా అని ఊళ్లో నవ్వుతారు.

మొదట్లో మేం బయట వైపు గుండ్రంగా, అందంగా చెక్కేసి, తర్వాత లోపల తొలవడానికి కూర్చునేవాళ్లం. గుండ్రటి దాన్ని ఎక్కడ అదిమి పట్టుకుంటాం? జారి, ఉలి అరచేతిలోకి దిగేది. మా సంఘంలో ముగ్గురి చేతులకు ఇంకా ఆ మచ్చలు ఉన్నాయి. ముందు లోపల తొలవాలి, బయట వైపు తర్వాత చెక్కాలి. దిమ్మె నాలుగు పలకలుగా ఉన్నప్పుడే దాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, మేకు, దారంతో గుండ్రటి గీత గీసి, ఆ గీత లోపల బరమాతో దగ్గర దగ్గరగా చిల్లులు వేస్తాం. ఎంత లోతు వెళ్లాలో బరమా మొన మీద ఎర్ర దారం చుట్టుకుంటాం. దారం చెక్కను తాకిందంటే ఆపాలి. అడుగున కనీసం అరంగుళం ఉండాలి. తర్వాత గుండ్రటి మూతి ఉలితో ఆ చిల్లుల మధ్య చెక్కను విరగదీస్తాం. మూల మూలలకు కొన వంగిన కత్తి పెడతాం. కత్తి నడిచే దారిలో రెండో చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు. ఇది కొత్తవాళ్లకు మొదటిరోజు చెప్పే పాఠం, పదో రోజూ చెప్పే పాఠం.

లోపల అయ్యాక బయట బాడిసతో మూలలు కొట్టి గుండ్రం చేస్తాం. కానీ పలచగా చెయ్యం. గోడ వేలి మందం ఉండగానే ఆపేస్తాం. రెండు కోత ముఖాలకూ మైనం రాసి, కర్రపొట్టు నింపిన గోనెసంచిలో పెట్టి, నీడలో ఉంచుతాం. కర్రలో తడి నెమ్మదిగా పోవాలి. మా మొదటి ఇరవై గ్లాసులు తొందరపడి ఎండలో పెట్టాం. ఏడు గ్లాసులు టప్పుమని పగిలాయి. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. ఇప్పుడు వారానికోసారి చిన్న కాటాలో తూకం వేసి, గ్లాసు అడుగున పెన్సిలుతో రాస్తాం. తూకం తగ్గుతున్నంత కాలం తడి ఉన్నట్టే. రెండు మూడు వారాలు వరసగా తూకం మారకపోతే అప్పుడు బయటికి తీసి చివరి పని చేస్తాం.

చివరి పనిలో గోడను పావు అంగుళానికి కొంచెం పైన ఉండేలా సన్నం చేస్తాం. అన్ని వైపులా ఒకే మందం రావాలి, ఒకచోట లావు, ఒకచోట పలచన అయితే మళ్లీ చీలుతుంది. ఆకురాయి, ఆ తర్వాత గరుకు ఉప్పు కాగితం, చివర్లో సన్నది. ఈ పొడి పీల్చితే దగ్గు వస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పిల్లలను దూరంగా పంపి, బయట గాలికి కూర్చుని చేస్తాం. లోపల వైపు నూనె గానీ, పాలిష్ గానీ, వార్నిష్ గానీ ఏదీ రాయం. బయట మాత్రం కొంచెం తేనెమైనం.

ఆఖరిది నీటి పరీక్ష. గ్లాసు నిండా నీళ్లు పోసి రాత్రంతా పాత పేపరు మీద ఉంచుతాం. కర్ర నరాలు నిలువుగా ఉంటాయి గనుక కొన్నిటికి అడుగు నుంచి చెమ్మ దిగుతుంది. పొద్దున పేపరు తడిస్తే అది గ్లాసుగా అమ్మం, పోపుగింజలకో, గరిటెలు పెట్టుకోవడానికో వాడతాం. ఇలా ఒక్క గ్లాసుకు చేతిపనే రోజున్నర పడుతుంది, ఆరడానికి పట్టే రోజులు వేరు.

చీటీ మీద మాట

ఇక్కడి దాకా చెప్పడం తేలిక. ఇక మీదటిది కష్టం.

మొదటి రెండు మేళాల్లో గ్లాసులు కొద్దిగానే అమ్ముడుపోయాయి. చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ధర అడిగి, స్టీలు గ్లాసు ఇంతకన్నా చవక కదా అని పెట్టేసేవాళ్లు. అప్పుడు టోకున కొనే వ్యాపారి ఒకాయన మాకు సలహా ఇచ్చాడు. "అమ్మా, మీరు గ్లాసు అమ్ముతున్నారు. జనం గ్లాసు కొనరు, ఆరోగ్యం కొంటారు. చీటీ వెయ్యండి." ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు. నలభై రోజులు ఈ గ్లాసులో నీళ్లు తాగితే సుగర్ తగ్గిపోతుందనీ, మాత్రలతో పని లేదనీ పసుపు కాగితం మీద అచ్చు వేయించాం. మాలో చదువుకున్నవాళ్లం కూడా ఉన్నాం. ఆ మాట ఎవరికి తెలుసు, ఎవరు చూశారు అని ఒక్కరమూ అడగలేదు. పెద్దవాళ్లు చెప్పారు కదా అనుకున్నాం. మూడో మేళాలో తీసుకెళ్లిన గ్లాసులన్నీ రెండో రోజుకే అయిపోయాయి. ఆ ఏడు కిస్తీ గడువుకు ముందే కట్టాం. ఇదే సభలో మాకు చప్పట్లు కొట్టారు, గుర్తుండే ఉంటుంది.

మా సంఘంలో ఒక చెల్లెలి అత్తగారికి చాలా ఏళ్లుగా సుగర్. ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు వేసుకునేది. మా చేత్తో చేసిన గ్లాసు ఒకటి ఆమెకు పండక్కి కానుకగా ఇచ్చాం. మనవడు చీటీ చదివి వినిపించాడు. ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. మాత్రల అట్టలు బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. పారేయడానికి మనసు రాలేదు. నాలుగు నెలలు రోజూ పొద్దున ఆ తేనె రంగు నీళ్లు తాగింది. కాలిలో ముల్లు గుచ్చుకుంటే తెలియలేదు. సుగర్ ముదిరినవాళ్లకు పాదాలు మొద్దుబారతాయి, నొప్పి తెలియదు. ఆకు పసరు కట్టుకుంది. వాసన వచ్చాక ఇంట్లోవాళ్లు చూశారు. పెద్దాసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు.

మేం చూడ్డానికి వెళ్తే ఆమె కోప్పడలేదు. "మీరే కదమ్మా రాశారు, మీరు అబద్ధం రాస్తారా" అంది. అంతే అంది.

ఆ రాత్రి మీటింగు

ఆ వారం మీటింగు తెల్లవారుజాము దాకా జరిగింది. చీటీ తీసేద్దాం అని ఒకరన్నారు. "తీసేస్తే గ్లాసు ఎవరు కొంటారు వదినా? లోన్ నువ్వు కడతావా?" అని ఇంకొకరు అడిగారు. అడిగిన మనిషిని తప్పు పట్టకండి. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు, ఆమె అడిగింది నిజమైన ప్రశ్న. "తగ్గిపోతుంది అని కాకుండా తగ్గవచ్చు అని రాద్దాం" అని మూడో ఆమె అంది. కాసేపు అందరికీ అది బాగానే ఉందనిపించింది. అప్పటిదాకా మాట్లాడని ఆ చెల్లెలు లేచింది. "మా అత్తకు చదువు రాదక్కా. తగ్గుతుంది అన్నా, తగ్గవచ్చు అన్నా ఆమెకు ఒకటే వినబడుతుంది" అంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. తీర్మానం పుస్తకంలో రాసి అందరం సంతకాలు, వేలిముద్రలు వేశాం. మిగిలిన చీటీల కట్ట పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నాం.

మేళాల్లో అమ్మిన గ్లాసులు ఎవరి ఇళ్లలో ఉన్నాయో మాకు తెలియదు. ఫోన్లో ఆర్డరు ఇచ్చినవాళ్ల నంబర్లు కొన్ని ఉంటే వంతులు వేసుకుని అందరికీ చేశాం. కొందరు వినకుండానే పెట్టేశారు. ఒకాయన మాత్రం "అవునమ్మా, నేనూ మాత్రలు ఆపాను" అన్నారు. మర్నాడే పరీక్ష చేయించుకుంటానన్నారు. మిగిలినవాళ్ల సంగతి మా గుండెల మీద అలాగే ఉంది. అది దిగేది కాదు.

డాక్టరమ్మ చెప్పింది

తర్వాత మేం ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మను అడిగాం, అసలు ఈ చెట్టులో ఏమీ లేదా అని. ఆమె వెక్కిరించలేదు. ఈ చెట్టు మీద మన దేశంలోనే పరిశోధన జరిగిందనీ, భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 1998లో అచ్చయిందనీ చెప్పారు. కొత్తగా సుగర్ బయటపడినవాళ్లకు ఈ చెట్టు నుంచి తీసిన మందును కొలత ప్రకారం, రక్తపరీక్షలు చేస్తూ, డాక్టర్ల కళ్ల ముందు ఇచ్చారు. చాలామందికి తగ్గింది. కానీ అది కొలిచిన మందు. మన గ్లాసులో కొలత ఎక్కడుంది? కొత్త గ్లాసులో రంగు ఎక్కువ దిగుతుంది, పాతదాంట్లో తక్కువ. ఒకరు రాత్రంతా ఉంచుతారు, ఒకరు గంటే ఉంచుతారు. నీళ్లు రంగు మారినంత మాత్రాన నెత్తుట్లో సుగర్ మారినట్టు కాదు. మారిందో లేదో పరీక్ష చెప్తుంది. పరగడుపున 126, అంతకు మించి ఉంటే అది సుగరే, ఇంకోసారి చూసి నిర్ధారిస్తారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా ఉంది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషీ చూపించుకోవాలి. మన ఊరి ఆసుపత్రిలో డబ్బులు తీసుకోరు.

ఇంకో సంగతి కూడా ఆమె ద్వారానే తెలిసింది. మందులు, మహిమల పేరుతో చేసే తప్పుడు ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. ఫలానా రోగాలు నయం చేస్తామని ప్రకటించకూడదని అందులో జాబితా ఉంది, ఆ జాబితాలో మధుమేహం ఉంది. అంటే మేం వేసిన పసుపు చీటీ తప్పు మాత్రమే కాదు, నేరం కూడా. వ్యాపారి పేరు చీటీ మీద లేదు. మా సంఘం పేరే ఉంది.

ఇప్పుడు

ఇప్పుడు గ్లాసుతో ఇచ్చే చీటీ మీద ఇలా ఉంటుంది: ఇది ఏగిస చేవతో చేత్తో చెక్కిన గ్లాసు. మొదటి నాలుగైదు రోజులు నీళ్లు పోసి పారబోయండి. వేడి టీ, పాలు పొయ్యొద్దు. సబ్బు వద్దు, మంచినీళ్లతో కడిగి నీడలో బోర్లించండి. బూజు కనబడితే వాడకండి. రంగు తగ్గితే లోపల ఉప్పు కాగితంతో ఒకసారి రుద్దండి. చివర పెద్ద అక్షరాల్లో: ఇది మందు కాదు. మీ మాత్రలు ఆపొద్దు. చదువు రానివాళ్లకు మేమే నోటితో చెప్తాం.

అమ్మకం తగ్గింది. నిజం చెప్పాలంటే సగానికి పడింది. ఆ వ్యాపారి మా దగ్గర కొనడం మానేశాడు. రెండు కిస్తీలు మా పొదుపులోంచి కట్టుకున్నాం. అందరూ ఒప్పుకున్నారని కాదు, ఇద్దరు సభ్యులు చెక్కపని మాని పసుపు పనికి వెళ్లారు. వాళ్లతో మాటలు ఉన్నాయి, పోట్లాట లేదు. ఈ ఏడు గ్లాసుతో పాటు అదే చేవ ముక్కలతో గరిటెలు, ఉప్పు గిన్నెలు కూడా చేస్తున్నాం. చివరి ముక్కలు కూడా వృథా పోవడం లేదు. కొనేవాళ్లు కొందరు పనిని చూసి కొంటున్నారు. మొన్న మేళాలో ఒకావిడ చీటీ చదివి, "ఇలా రాసినవాళ్లను మొదటిసారి చూశాను" అని రెండు గ్లాసులు తీసుకుంది.

అక్కలారా, మన సమాఖ్యలో తేనె ఉంది, తిప్పతీగ పొడి ఉంది, కరక్కాయ ఉంది, మునగాకు పొడి ఉంది. ప్రతి దాని మీదా ఏదో ఒక చీటీ ఉంది. ఈ సభకు మా విన్నపం ఒక్కటే. చీటీ అచ్చుకు వెళ్లే ముందు సంఘంలో చదివి మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ మాట మనకు ఎలా తెలుసు? ఇది నమ్మి ఎవరైనా మందు ఆపేస్తారా? మన అత్తకు, మన అమ్మకు ఇదే చీటీ ఇస్తామా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఆ మాట తీసేద్దాం. దీన్ని తీర్మానంగా పెట్టమని పాలకవర్గాన్ని కోరుతున్నాం.

ఆ పెద్దమ్మ ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆ కర్ర కూడా మేమే చేసిచ్చాం. గ్లాసు ఇంకా ఆమె ఇంట్లోనే ఉంది. పారేయండి అన్నాం. "నీళ్లు చల్లగా ఉంటాయే, ఎందుకు పారేస్తాను" అంది. పొద్దున్నే మాత్ర నోట్లో వేసుకుని, ఆ గ్లాసులో నీళ్లతోనే మింగుతోంది.

బయట అరుగు మీద మా గ్లాసులు పెట్టాం. కొనకపోయినా సరే, చేతిలోకి తీసుకుని చూడండి. చీటీ మాత్రం చదవండి.